విడాకుల తర్వాత మీ రిపోర్టులు పాత నంబర్‌కి పోకుండా

ముందు ఫోన్ నంబర్ సంగతి చూడండి. ఆస్పత్రి రిజిస్ట్రేషన్‌లో మాజీ భర్త నంబరే ఉంటే, మీ థైరాయిడ్ రిపోర్టు లింకు ఈరోజుకీ ఆయన ఫోన్‌కే పోతుంది. గుర్తింపు కార్డుతో కౌంటర్‌కి వెళ్లి నంబర్, ఈమెయిల్, అత్యవసర కాంటాక్ట్ మూడూ మార్పించండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ల్యాబ్, మందుల యాప్ రికార్డులు వేరు. అక్కడా విడిగా మార్చాలి.

మీ ఆరోగ్య రికార్డులను ఒకచోట కలిపే ప్రభుత్వ గుర్తింపు సంఖ్య, అంటే 14 అంకెల ఆభా నంబర్‌కీ ఇదే చిక్కు. మీ ఆధార్‌కి ఆయన నంబర్ లింకై ఉంటే ఓటీపీ అటే పోతుంది, అందుకే ముందు ఆధార్‌లో మార్పించుకోండి. తర్వాత ఆభా యాప్‌లో మీ రికార్డులు చూడటానికి ఇచ్చిన పాత అనుమతులు రద్దు చేయండి.

విడాకులు పూర్తయ్యేలోపు ఆయన కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ పెడితే వివరాలు ఆయనకూ కనిపించవచ్చు. సొంత పాలసీ తీసుకోండి. పాత జబ్బులకు కవరేజీ మొదలవడానికి వెయిటింగ్ 3 ఏళ్ల దాకా ఉండొచ్చు, ఆలస్యం వద్దు.

పిల్లల రికార్డులు తండ్రికి ఇవ్వొద్దనాలంటే కోర్టు ఉత్తర్వు కావాలి. దాని కాపీ ఫైల్లో పెట్టించండి.