రెండో విడత గ్రాంట్ ఎలా కదిలింది

జీనోమ్ వ్యాలీలోని ఒక చిన్న కంపెనీతో కలిసి మా ల్యాబ్‌లో కేంద్ర గ్రాంట్ మీద ప్రాజెక్టు నడుస్తోంది. రెండో విడత డబ్బు ఆగిపోయింది. ప్రాజెక్టు స్టాఫ్ జీతాల తేదీ దగ్గర పడుతుంటే ఒకటే టెన్షన్. "యూసీ సరిగా లేదు" అన్న ఒక్క ముక్కే జవాబు. యూసీ అంటే గ్రాంట్ డబ్బు దేనికి వాడామో చూపే వినియోగ ధ్రువపత్రం. ఏది సరిగా లేదో మాత్రం చెప్పరు!

అకౌంట్స్ సెక్షన్‌లో ఒక పెద్దాయన ఫైలు తిరగేసి, "వడ్డీ ఎక్కడ చూపించారు సార్?" అన్నారు. గ్రాంట్ బ్యాంకులో ఉన్నన్నాళ్లూ వచ్చే వడ్డీ మనది కాదు. జీఎఫ్‌ఆర్ 2017 (కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు)లోని 230(8) నిబంధన ప్రకారం లెక్కలు ఖరారయ్యాక దాన్ని భారత సంఘటిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు, జమ చేయాలి. బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ తెచ్చి, భారత్‌కోష్ పోర్టల్‌లో ఆ మొత్తం కట్టి, రసీదు జతచేసి 12-ఎ ఫారంలో యూసీ మళ్లీ పంపాం.

ఆ ఫైలులోనే ఇంకో చిక్కు. కంపెనీ పెట్టిన ఖర్చు కూడా అందులో కలిసిపోయింది. యూసీ ఉన్నది ప్రభుత్వం ఇచ్చిన డబ్బుకు. కంపెనీ వాటాకు వేరే ఖర్చుల పట్టిక, వాళ్ల సీఏ సంతకంతో తీసుకున్నాం. కాస్త సణిగారు గానీ ఇచ్చారు. డబ్బు పడింది. కొత్త ఎంఓయూల్లో ఆ పట్టిక ఇవ్వాల్సిన గడువు ముందే రాయించుకుంటున్నాం.