కొత్త ఎయిర్ రైఫిల్‌కు గురి కుదరకపోతే

స్ప్రింగు ఎయిర్ రైఫిల్ (స్ప్రింగు బలంతో గాలిని నొక్కి పేలే తుపాకి) కొత్తగా కొన్నవారు, 10 మీటర్ల దూరంలోని కాగితంపై పెల్లెట్లు (చిన్న గుళ్లు) చెల్లాచెదురుగా పడగానే బారెల్ (గొట్టం) మంచిది కాదని తేల్చేస్తారు. అన్నీ చూశాక, చివరగా రావలసిన నిర్ణయం అది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక ఇక్కడ చెప్పేదంతా కాగితపు లక్ష్యాల గురించే. హైదరాబాద్‌లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. అపార్ట్‌మెంట్ డాబా మీద సాధన చేయడం ఎంతమాత్రం తగదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్నటువంటి షూటింగ్ రేంజిలోనే చేయాలి.

మొదట సైట్లను (గురి చూసే భాగాలను) ముట్టుకోకుండా ఒకే చోట గురిపెట్టి ఐదు షాట్లు కొట్టండి. ఐదు రంధ్రాలూ దగ్గరదగ్గరగా, కాని పక్కకు పడితే సైట్లు సరిచేస్తే సరిపోతుంది. అవి చెదిరిపోయి ఉంటే మాత్రం సైట్లను ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే సైట్లు రంధ్రాల గుంపును జరపగలవే గాని దగ్గరకు చేర్చలేవు.

చెదిరినప్పుడు ముందుగా చూడవలసినవి స్క్రూలు. లోపల గాలిని నొక్కే పిస్టన్ ముందుకు దూకినప్పుడు రైఫిల్ వెనక్కి కదిలి, వెంటనే ముందుకు కుదుపుకు లోనవుతుంది. ఈ రెండు వైపుల అదురుకు స్టాక్ (రైఫిల్‌ను పట్టుకునే పిడి భాగం) స్క్రూలూ, స్కోప్ (గురి చూసే దుర్భిణి) మౌంట్లూ, అంటే దాన్ని రైఫిల్‌కు బిగించే పట్లూ వదులవుతాయి. మౌంట్ బిగింపు పక్కన, అది కూర్చునే పట్టాపై కొత్తగా మెరిసే గీత కనిపిస్తే స్కోప్ జారిందని అర్థం. స్కోప్ కూడా స్ప్రింగు రైఫిళ్ల కోసం తయారైనదై ఉండాలి. మందుగుండుతో పేలే తుపాకులకు వాడే స్కోప్‌లు చాలావరకు వెనక్కి వచ్చే అదురును మాత్రమే తట్టుకునేలా, సుమారు 100 గజాల దూరానికి సరిపోయేలా ఉంటాయి. అందువల్ల 10 మీటర్ల దగ్గర కన్ను కాస్త కదిలితే చాలు, గురి గీత కూడా లక్ష్యంపై కదులుతుంది.

మొదటి రోజుల్లో షాటుతో పాటు పొగ, కాలిన నూనె వాసన, పెద్ద చప్పుడు వస్తే, ఫ్యాక్టరీలో పూసిన నూనె లోపల మండుతోందని అర్థం. అది తగ్గేవరకు పెల్లెట్ వేగం షాటు షాటుకూ మారుతుంది కనుక అప్పటి ఫలితాలను లెక్కలోకి తీసుకోకండి, లోపల మరింత నూనె పోయకండి.

ఒకే డబ్బా పెల్లెట్లతో రైఫిల్‌పై తీర్పు చెప్పడం అన్యాయం. 4.49, 4.50, 4.52 మిల్లీమీటర్ల తల (ముందు భాగం) కొలతలున్న పెల్లెట్లను వేరువేరుగా కొట్టి చూడండి. ఒకే బారెల్‌లో వాటి మధ్య తేడా స్పష్టంగా కనిపించవచ్చు. వెనుక అంచు నొక్కుకుపోయిన పెల్లెట్లను పక్కన పెట్టండి.

ఇక పట్టు. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచారు. అటువంటి పోటీ రైఫిళ్లు ముందే నింపిన గాలితో పనిచేస్తాయి కాబట్టి కుదుపు చాలా తక్కువ. వాటికి సరిపోయే బిగుతైన పట్టును స్ప్రింగు రైఫిల్‌పై ప్రయోగిస్తే గురి చెడుతుంది. ముందు చేతిని తెరిచి రైఫిల్‌ను అరచేతిపై వదులుగా ఆనించండి, భుజానికి తేలికగా తాకించండి, ప్రతిసారీ అరచేతిని ఒకే చోట ఉంచండి. ఇసుక సంచిపై నేరుగా ఆనించకండి. పెల్లెట్ కాగితాన్ని తాకేవరకు తల ఎత్తకండి. నా దృష్టిలో ఎక్కువమంది సమస్య ఇక్కడే తీరుతుంది.

ఇన్నీ చేసినా చెదిరితే, బారెల్ మడిచే కీలు దగ్గర పక్కకు ఆడుతోందేమో, బారెల్ మూతి అంచుకు గాటు ఉందేమో చూడండి. బారెల్ మూసే చోట టిష్యూ కాగితం ముక్క పెట్టి కొట్టినప్పుడు అది ఎగిరితే సీలు గాలి వదులుతోందన్నమాట. ఈ లోపాల్లో ఏది కనిపించినా, దూరం, పెల్లెట్ రకం రాసిన లక్ష్యపు కాగితాలతో సహా వారంటీ గడువులోగా అమ్మిన దుకాణానికే తీసుకెళ్లండి.