కాలేజీలో డిబేట్ ఆగిపోకుండా చూసుకోవడం ఎలా?

ఒడిశాలో మన తెలుగువాళ్ళు కూడా ఉండే పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు కాలేజీల్లో డిబేట్‌కి టాపిక్కులకి కరువేం లేదు. కొటియా ఊళ్ళు ఒడిశావా ఆంధ్రావా, వంశధార నది మీద నేరడి బ్యారేజీ కట్టొచ్చా, తెలుగు పిల్లలకి బడిలో ఏ భాష... కానీ ఇవి నోటీస్ బోర్డెక్కగానే స్టాఫ్‌రూమ్‌లో ఎవరో ఒకరు "ఎందుకొచ్చిన గొడవ" అంటారు, ఇంకేముంది, మొబైల్ వల్ల లాభనష్టాలు అని పెట్టేస్తారు.

అందుకే గొడవ రాకముందే రూల్ రాయించుకోండి, ప్రిన్సిపాల్ సంతకంతో అర పేజీ చాలు. ఎవరికో మాట నచ్చలేదని మీటింగ్ ఆపం, కానీ బెదిరించడం, కొట్టండని రెచ్చగొట్టడం, ఒక మనిషిని పట్టుకుని వేధించడం కుదరదు, అంతే. అమెరికాలో చికాగో యూనివర్సిటీ 2014లో కమిటీ వేసి దాదాపు ఇలాంటి రూలే రాయించుకుంది. దాన్ని ఉన్నదున్నట్టు దించేయకండి, మన రాజ్యాంగంలో ఆర్టికల్ 19(1)(ఎ) ఇచ్చిన మాట్లాడే హక్కుకి 19(2)లో పరువు నష్టం, పబ్లిక్ ఆర్డర్ లాంటి హద్దులున్నాయి.

తర్వాత కాగితాలు. వంశధార గురించైతే రెండు రాష్ట్రాల నీళ్ళ తగాదా విన్న ట్రిబ్యునల్ 2017లో ఇచ్చిన తీర్పు ప్రింట్ తీసి వారం ముందే పంచండి, "మా నీళ్ళు" అని అరిచేవాడు కూడా పేజీ చూపించి మాట్లాడాలి. ఇదే పర్లాకిమిడిలో పంతులుగా చేసిన గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం వాదించినప్పుడు గ్రాంథికం పండితుల రాతల్లోంచే తప్పులు ఏరి చూపించారు, ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

అసలు కిటుకు చీటీల్లో ఉంది. ఎవరు ఏ వైపు మాట్లాడాలో చీటీలు తీయించండి, ఒడియా కుర్రాడికి ఆంధ్రా వాదన రావచ్చు, మన తెలుగమ్మాయికి ఒడిశా వాదన రావచ్చు, అప్పుడు అవతలోడి పాయింటేంటో చచ్చినట్టు చదవాలి. పైగా మైకులో మొదటి మాటే "వైపులు చీటీల్లో వచ్చాయి" అని చెప్పించి మొత్తం వీడియో తీసి ఉంచుకోండి, ఎందుకంటే అరనిమిషం క్లిప్ కోసి వాట్సాప్‌లో తిప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, అది బయటికొచ్చాక ఆ పిల్ల ఇంటికెళ్ళి ఏం చెప్పుకుంటుంది?

ఛైర్మన్‌గా పెద్దమనిషి కన్నా గడియారం చూసే మనిషి మేలు. ఒడియా, తెలుగు, ఇంగ్లీష్ ఏదైనా సరే, మనిషికి నాలుగు నిమిషాలు, ప్రశ్నలకి వేరే టైమ్.

రద్దు చేయమని ఫోనొస్తే మర్యాదగానే "కాగితం మీద ఇవ్వండి సార్" అనండి, చాలామంది ఇవ్వరు. నిజంగా భయముంటే పోలీసులకి చెప్పి రూమ్ మార్చండి, తేదీ మార్చండి, టాపిక్ మాత్రం మార్చొద్దు. కాలేజీ పేరు మీద ఏ పక్షానికీ మద్దతు ప్రకటన ఇవ్వకండి, ఇస్తే రెండో పక్షం పిల్లలు ఇక నోరు తెరవరు.

చివర్లో చేతులెత్తించే ఓటింగ్ వద్దు, అది ఒడియావాళ్ళెంతమంది తెలుగువాళ్ళెంతమంది అనే లెక్కే అవుతుంది. తప్పదంటే పేరు లేని చీటీల మీద మొదట్లో ఒకసారి, అయ్యాక ఒకసారి రాయించి, లెక్క ఎంత మారిందో అది చదివి వినిపించండి.