మౌస్ పట్టకుండా పట్టీ రాయడం

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో నేను గుమస్తాని. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సరుకు పోటెత్తిందంటే, రైతుకిచ్చే పట్టీ (అమ్మకం లెక్క చీటీ) కోసం లాట్ మీద లాట్ ఎక్సెల్‌లో ఎక్కిస్తూనే ఉండాలి. లాట్ నంబరు, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, ధర. మౌస్ కోసం చెయ్యి తీసిన ప్రతిసారీ కాగితం మీద కన్ను వరుస తప్పుతుంది. అందుకే మా కొట్లో కొత్తగా చేరిన వాళ్లకి ముందు ఈ మీటలే నేర్పిస్తాను.

అన్నిటికన్నా ముందు ఎఫ్2. నిండా ఉన్న గడి మీద నేరుగా టైపు చేస్తే పాతదంతా పోతుంది. ఎఫ్2 నొక్కితే పాతది అలాగే ఉండి, దాని చివర కర్సర్ వస్తుంది. ఫార్ములా ఉన్న గడి అయితే ఆ ఫార్ములా బయటపడుతుంది, అది ఏయే గడుల నుంచి లెక్క తీసుకుంటోందో రంగు గీతలతో కనిపిస్తుంది.

నా మొదటి సీజన్‌లో ఈ అలవాటు లేదు. ఒక లాట్ తూకం 12.4 క్వింటాళ్లని దిద్దబోయి, పక్కనున్న ‘మొత్తం’ గడిలో 12.4 కొట్టి ఎంటర్ నొక్కేశాను. అక్కడి ఫార్ములా పోయింది. కూడిక వేలల్లో తగ్గింది. వినుకొండ వెళ్లాల్సిన రైతు బస్సు టైమ్ అవుతోందని ఎదురుగా నిలబడే ఉన్నాడు. తప్పు దొరకడానికి అరగంట పట్టింది. ఆయన ముఖం నాకింకా గుర్తుంది. దిద్దే ముందు ఎఫ్2 కొట్టి ఉంటే అది తూకం గడి కాదని అప్పుడే తెలిసేది.

ఇంకా ఎంటర్ కొట్టకముందు అనుమానం వస్తే ఎస్కేప్ నొక్కండి, గడిలో పాతదే ఉంటుంది. ఎంటర్ కొట్టేశాక అయితే కంట్రోల్ పట్టుకుని జెడ్. ఫైలు మూసి మళ్లీ తెరిస్తే మాత్రం అది పనిచేయదు.

చాలామందికి టెన్షన్ తెప్పించేది బాణం మీటలు. ఫార్ములా టైపు చేస్తూ మధ్యలో ఒక అంకె దిద్దుదామని ఎడమ బాణం నొక్కితే, కర్సర్ జరగకుండా పక్క గడి పేరు వచ్చి ఫార్ములాలో దూరుతుంది, లేదంటే ఫార్ములా అక్కడికే ముగిసి పక్క గడికి పోతుంది. అప్పుడు కూడా మందు ఎఫ్2నే. స్క్రీన్ అడుగున ఎడమ మూల ‘ఎంటర్’ అనో ‘పాయింట్’ అనో ఉన్నది ‘ఎడిట్’ అని మారుతుంది. ఇక బాణాలు అక్షరాల మధ్యే తిరుగుతాయి. హోమ్ నొక్కితే మొదటికి, ఎండ్ నొక్కితే చివరికి.

కొత్త లాట్లు ఎక్కించేటప్పుడు ఒక్కో గడి నింపి ట్యాబ్ కొట్టుకుంటూ వెళ్లండి. ధర దగ్గర ఎంటర్ కొడితే కర్సర్ తనంతట తానే కింది వరుసలో లాట్ నంబరు గడికి వస్తుంది. మధ్యలో బాణం గానీ మౌస్ గానీ ముట్టుకుంటే ఈ వరుస తెగిపోతుంది. ట్యాబ్‌తో ముందుకు పోయి, వెనక్కి రావాలంటే షిఫ్ట్, ట్యాబ్.

వరుసగా ఇరవై లాట్లు తేజ రకమే అనుకోండి. షిఫ్ట్ పట్టుకుని కింది బాణంతో ఆ గడులన్నీ ఎంచుకుని, ‘తేజ’ అని ఒక్కసారి టైపు చేసి, కంట్రోల్ పట్టుకుని ఎంటర్ కొట్టండి. అన్నిటిలో పడుతుంది. మధ్య మధ్య 334 రకం, తాలు (నాసి కాయ) రాసేసి ఉండి, ఖాళీలు మాత్రమే నింపాలంటే ఆ గడులన్నీ ఎంచుకుని కంట్రోల్, జి నొక్కండి. వచ్చిన పెట్టెలో ‘స్పెషల్’, అందులో ‘బ్లాంక్స్’, ఆపైన ఓకే. ఇప్పుడు టైపు చేసి కంట్రోల్, ఎంటర్ కొడితే ఖాళీ గడులు మాత్రమే నిండుతాయి. పై గడిలో ఉన్నదే కింద కావాలంటే కంట్రోల్, డి చాలు.

కమీషన్ శాతం మేం హెచ్1 గడిలో ఒక్కచోటే పెడతాం. ఫార్ములాలో హెచ్1 అని రాసి, కర్సర్ దాని మీద ఉండగానే ఎఫ్4 నొక్కితే అది $హెచ్$1 అవుతుంది. అప్పుడు ఫార్ములా కిందికి కాపీ చేసినా శాతం గడి జారిపోదు. ఈ ఒక్క మీట మరిచిపోతే రెండో వరుస నుంచి కమీషన్ అంతా తప్పే.

రైతు పేరు కింద అదే గడిలో ఊరు పేరు రాయాలంటే ఆల్ట్, ఎంటర్. ఈ రోజు తేదీకి కంట్రోల్, సెమీకోలన్. టుడే ఫార్ములా పెట్టొద్దు, రేపు తెరిస్తే రేపటి తేదీ చూపిస్తుంది. పట్టీ మీద అమ్మిన రోజు తేదీయే ఉండాలి.

ల్యాప్‌టాప్‌లో ఎఫ్2 నొక్కితే సౌండో వెలుతురో మారుతుంటే ఎఫ్ఎన్ మీట పట్టుకుని నొక్కండి. లిబ్రే ఆఫీస్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. అక్కడ గడిలో కొత్త లైనుకి కంట్రోల్, ఎంటర్. ఎంచుకున్న గడులన్నీ నింపడానికి ఆల్ట్, ఎంటర్. ఎక్సెల్‌కి సరిగ్గా తిరగేసి ఉంటుంది.