పెంట్రిడ్జ్‌ను ఫొటో తీయాలంటే జైలొక్కటే తీస్తే సరిపోదు

మెల్‌బోర్న్‌కు ఉత్తరాన కోబర్గ్‌లో ఉన్న పెంట్రిడ్జ్ 1851 నుంచి 1997 దాకా జైలు. ఇప్పుడు అదే ఆవరణలో అపార్ట్‌మెంట్లు, టౌన్‌హౌస్‌లు, సినిమా హాలు, సూపర్‌మార్కెట్, ఒక హోటల్ ఉన్నాయి. కెమెరా పట్టుకుని వచ్చేవాళ్లలో చాలామంది కొత్త బిల్డింగులు ఫ్రేములో పడకుండా నానా తంటాలూ పడి, పాత జైలును మాత్రం తీసుకుని వెళ్లిపోతారు. నన్నడిగితే అక్కడ తీయాల్సిందే ఆ రెండూ కలిసేచోటు.

అందుకే వెళ్లగానే కెమెరా బయటకు తీయకండి. ముందు గోడ వెంట నడవండి. దారి కోసం గోడను తెరిచిన చోట్ల ఆగి చూడండి. అక్కడ గోడ మందం ఎంతో తెలుస్తుంది, దాని పక్కనే నున్నటి కాంక్రీటు మొదలవుతుంది. రాయి మీద చెయ్యి పెడితే ఉలి గాట్లు ఒక్కో రాయికి ఒక్కో తీరుగా తగులుతాయి. ఇక్కడి ఖైదీల చేత రాళ్లు కొట్టించేవాళ్లు. హెచ్ డివిజన్ అనే జైలు విభాగంలో అందుకోసమే చిన్న చిన్న యార్డులు ఉండేవి. ఆ సంగతి తెలిశాక గోడను దూరం నుంచి తీసి ఊరుకోవడం నా వల్ల కాదు. ఒక ఫొటో రాయి మీద గాట్లు కనిపించేంత దగ్గరగా, ఇంకొకటి అదే గోడ వెనక బాల్కనీలు కనిపించేంత దూరం నుంచి తీయండి. రెండో దానికి 85 నుంచి 135 ఎంఎం లెన్స్ బాగుంటుంది. వాచ్ టవర్, దాని వెనక ఫ్లాట్లు పక్కపక్కన ఉన్నట్టు వస్తాయి.

ఇక వెలుతురు. ఇండియాలో ఫొటోగ్రఫీ నేర్చుకున్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. జూన్‌లో అయితే మిట్టమధ్యాహ్నం కూడా 29 డిగ్రీల ఎత్తు దాటడు. అంటే చలికాలంలో రోజంతా ఏటవాలు వెలుతురే, గోడలకు ఇంతకన్నా మంచి కాలం లేదు. దక్షిణం వైపు ముఖాల మీద మాత్రం ఆ నెలల్లో ఎండ పడదు. వాటిని మబ్బు రోజుకు వదిలేయండి. చాంప్ స్ట్రీట్ వైపున్న గడియారం గేటుకు సాయంత్రం ఎండ బాగుంటుంది.

అందరినీ ఇబ్బంది పెట్టేది ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి ఎంత వెలుతురు రానివ్వాలన్నది. ఈ గోడలు కట్టిన బ్లూస్టోన్ అనేది ముదురు బసాల్ట్ రాయి. ఫ్రేము నిండా గోడే ఉంటే కెమెరా దాన్ని తెల్లబరిచి బూడిద రంగుకు తెస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 లేదా మైనస్ 1 పెడితే రాయి రాయిలా వస్తుంది. పైన ఆకాశం కూడా ఉందంటే వ్యవహారం తిరగబడుతుంది, గోడ మొత్తం మసిబొగ్గు అయిపోతుంది. అప్పుడు రెండేసి స్టాపుల తేడాతో (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపో సగమో) మూడు షాట్లు తీసి తర్వాత కలుపుకోండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి, 5500 కెల్విన్ దగ్గర ఫిక్స్ చేయండి. లేకపోతే ఒక్కో ఫొటోలో రాయి ఒక్కో రంగులో వస్తుంది. వాన పడ్డాక తడి రాయి మీద మెరుపు ఎక్కువైతే పోలరైజర్ తిప్పి తగ్గించుకోవచ్చు, కానీ పూర్తిగా తీసేయకండి. ఆ తడి మెరుపు నాకు చాలా ఇష్టం.

జైలు లోపల చూడాలంటే, పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ టూర్ ఉంది. ట్రైపాడ్ గురించి ముందే అడిగి వెళ్లండి. ఫ్లాష్ అసలు వాడొద్దు, ఐఎస్ఓ 3200 దాకా పెంచినా ఫరవాలేదు. ఖైదీల గదిని (సెల్) తీసేటప్పుడు 16 ఎంఎం లెన్స్ జోలికి పోకండి, అంత ఇరుకు గదీ హాలులా కనిపిస్తుంది. తలుపు బయట నిలబడి, 35 ఎంఎంతో, గుమ్మం అంచులు కూడా ఫ్రేములో ఉండేలా తీయండి. గది పూర్తిగా పట్టకపోతే పట్టకపోనీ. ఆ ఇరుకే కదా చూపించాల్సింది.

1967 ఫిబ్రవరి 3న రొనాల్డ్ ర్యాన్ అనే ఖైదీని ఉరి తీసింది ఇక్కడి డి డివిజన్‌లోనే. ఆస్ట్రేలియాలో చట్టప్రకారం అమలైన చివరి మరణశిక్ష అది. ఉరి తీసినవాళ్లను ఈ జైలు ఆవరణలోనే పాతిపెట్టేవాళ్లు. 1880లో మెల్‌బోర్న్ ఊళ్లో ఉన్న పాత జైల్లో ఉరి తీసిన బందిపోటు నెడ్ కెల్లీ ఎముకలను కూడా 1929లో ఇక్కడికే తెచ్చి పాతారు. ఆ ఎముకలు ఆయనవేనని 2011లో తేలింది. ఆ గోడలు బ్యాక్‌గ్రౌండ్‌లో బాగుంటాయని ప్రీవెడ్డింగ్ షూట్లకు అడిగేవాళ్లున్నారు. డి డివిజన్ దగ్గర మాత్రం వద్దని నేను గట్టిగానే చెబుతాను. మెల్‌బోర్న్‌లో పార్కులకేం కొదవ లేదు. చచ్చిపోయినవాళ్ల బంధువులు ఇంకా ఉన్నారు.

ఇక అక్కడ కాపురం ఉంటున్నవాళ్లు. రోడ్డు మీద నిలబడి తీయడానికి మామూలుగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. లోపల చాలా స్థలం ప్రైవేటుది, సెక్యూరిటీ వాళ్లు వద్దంటే ఆపేయాలి. డబ్బు తీసుకుని చేసే షూట్ అయితే ముందే రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి. కిటికీల్లోకి జూమ్ చేయకండి. పిల్లలు ఆడుకుంటుంటే వాళ్ల పెద్దవాళ్లను అడగందే తీయొద్దు. మనుషులు ఫ్రేములో ఉంటే నిజంగా ప్రాణం వస్తుంది, కాబట్టి అడగండి. “మీ ఇంటి గోడను తీస్తున్నాను, మీరు పక్కన నిలబడతారా” అంటే ఒప్పుకునేవాళ్లు ఉంటారు. ఒప్పుకున్నవాళ్లకు ఫొటో పంపడం మరిచిపోకండి.

ఎడిటింగ్‌లో పచ్చటి ఛాయ, నల్లటి అంచులు పెట్టి దయ్యాల కొంపలా చేయొద్దు. పొద్దున లేచి ఆఫీసుకు పోయేవాళ్ల ఇల్లది. నీడల్లో వివరం కాస్త పైకి తెచ్చి, వంగిన నిలువు గీతలు సరిచేస్తే చాలు. ప్రతి ఫొటో కింద ఏ డివిజన్, ఏ వైపు గోడ, ఏ తేదీ అని రాసి పెట్టుకోండి. పనులు నడుస్తున్న చోట ఆర్నెల్లకే ముఖం మారిపోతుంది, తేదీ లేకపోతే ముందుదేదో తర్వాతదేదో మీకే తెలియదు.