పాత బుల్లెట్‌కు ఆయిల్ మార్చాక స్టార్ట్ చేసే ముందు

మా కావలిలో ఇనుప ఇంజను బుల్లెట్లు ఇంకా చాలానే తిరుగుతున్నాయి. వాటికి ఆయిల్ ప్రెషర్ మీటరు ఉండదు, హెచ్చరిక దీపమూ ఉండదు. ఆయిల్ అందకపోతే ఇంజను దెబ్బతిన్నాకే తెలుస్తుంది.

ఆయిల్‌తో పాటు ఫిల్టరు మార్చినప్పుడు ఫిల్టరు గది ఖాళీ అవుతుంది. అది నిండేదాకా క్రాంకుకు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసుకు, ఆయిల్ సరిగా అందదు. అందుకే మూత పెట్టే ముందే ఆ గదిలో కొత్త ఆయిల్ పోయండి. తాళం ఆపి, స్పార్క్ ప్లగ్ తీసి, మూత నట్టు కాస్త వదులుగా ఉంచి కిక్ నిదానంగా తొక్కండి. మొదట బుడగలు వస్తాయి. తర్వాత బుడగ లేని ఆయిల్ అంచు వెంట కారుతుంది. అప్పుడు బిగించండి.

ఇంజను స్టార్ట్ చేశాక, రాకర్లకు (వాల్వులను తెరిచే మీటలకు) వెళ్లే ఆయిల్ పైపు బోల్టును పైన ఒక్క పిసరు వదులు చేయండి. కాసేపటికైనా ఆయిల్ చెమర్చకపోతే వెంటనే ఆపేయండి.

మొన్న రోహిణి కార్తెలో మా నాన్న బండికి ఎంత తొక్కినా చుక్క రాలేదు. పంపు పోయిందనుకున్నాం. టైమింగ్ కవరు (ఇంజను పక్కనుండే గేర్ల మూత) విప్పితే, దాని అతుకులో పెట్టే గాస్కెట్‌కు నేను పూసిన పేస్టు పెసరగింజంత ముద్దై ఆయిల్ రంధ్రంలో కూర్చుని ఉంది! రంధ్రాల చుట్టూ పేస్టు అసలు పూయకండి.

నాలుగైదు నిమిషాలు ఇంజను నడిచాక ఆయిల్ మట్టం మళ్లీ చూసి, తగ్గినంత పోయండి.