ఏ పుస్తకం కొనాలి, ఏది లైబ్రరీ నుంచి తెచ్చుకుంటే చాలు

డిసెంబర్లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, ఆ తర్వాత జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, ఈ రెండు నెలల్లో పుస్తకాలు చదివేవాళ్ళ ఇళ్ళల్లోకి సంచుల కొద్దీ పుస్తకాలు వస్తాయి, మళ్ళీ వచ్చే డిసెంబర్ దాకా వాటిలో సగం అలాగే ఉంటాయి. డబ్బు సంగతి ఒకటైతే చోటు సంగతి ఇంకోటి, అద్దె ఇంట్లో రెండు బెడ్రూముల్లో బీరువాలు ఎన్నని పెడతాం. అందుకే ఏది కొనాలి ఏది అరువు తెచ్చుకోవాలి అన్నది కొంచెం ఆలోచించుకుంటే బాగుంటుంది, నేను పాటించే పద్ధతి చెప్తాను, నచ్చింది తీసుకోండి.

పుస్తకం చేతిలోకి తీసుకోగానే రెండు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని మళ్ళీ తెరుస్తానా? రెండేళ్ళ తర్వాత కావాలంటే దొరుకుతుందా? మళ్ళీ తెరవను, ఎప్పుడైనా దొరుకుతుంది అనిపిస్తే అది లైబ్రరీ పుస్తకం, ఎంత గొప్ప పుస్తకం అయినా సరే. మళ్ళీ తెరుస్తాను అనిపిస్తే కొనెయ్యండి. ఈ రెండిటి మధ్యలో పడేవే ఇబ్బంది పెడతాయి, ముఖ్యంగా తెలుగులో, ఎందుకంటే మన దగ్గర రెండో ప్రశ్నకి ఉన్న బరువు ఇంగ్లీష్ పుస్తకాలకి లేదు. పేరున్న ఇంగ్లీష్ పుస్తకం పదేళ్ళ తర్వాత కూడా ఏదో ఒక ఎడిషన్‌లో దొరుకుతుంది. చాలా తెలుగు పుస్తకాలు అలా కాదు, ఐదొందలో వెయ్యో కాపీలు వేస్తారు, అవి అయిపోతే అయిపోయినట్టే, రీప్రింట్ వస్తుందో రాదో ఆ పబ్లిషర్‌కే తెలీదు.

ఇది కనుక్కోవడం కష్టం కాదు. ఏ తెలుగు పుస్తకమైనా అట్ట తిప్పగానే రెండో పేజీలోనో నాలుగో పేజీలోనో ముద్రణ వివరాలుంటాయి కదా, చాలామంది అది చూడకుండా ముందుమాటలోకి వెళ్ళిపోతారు. అక్కడ ప్రథమ ముద్రణ ఎప్పుడు, ఇది ఎన్నో ముద్రణ అని ఉంటుంది, చాలా పుస్తకాల్లో ప్రతులు 1000 అనో 500 అనో కూడా వేస్తారు. పదో ముద్రణ, పన్నెండో ముద్రణ అని ఉందంటే ఆ పుస్తకం ఎక్కడికీ పోదు, హాయిగా లైబ్రరీలో చదివి నచ్చితే అప్పుడు కొనుక్కోవచ్చు. ప్రథమ ముద్రణ, ప్రతులు 500, పైగా పబ్లిషర్ అనే చోట రచయిత ఇంటి అడ్రసే ఉంది, అలాంటిదైతే వాయిదా వెయ్యకండి, సబ్జెక్ట్ మీకు కావాల్సిందైతే అప్పుడే తీసుకోండి. ఊళ్ళ చరిత్రలు, జానపద పాటల సేకరణలు, కులవృత్తుల మీద పరిశోధనలు, ఎవరో రిటైరైన మాస్టారు రాసుకున్న జ్ఞాపకాలు, ఇవన్నీ దాదాపు ఈ కోవలోవే. తర్వాత అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద వెతుక్కోవడమే, దొరికితే అదృష్టం.

ఇప్పుడు ఒక్కో రకం గురించి.

నవలల విషయంలో మన పెద్దవాళ్ళ పద్ధతే కరెక్ట్ అని నా అభిప్రాయం. డెబ్బైల్లో ఎనభైల్లో చాలా ఊళ్ళల్లో అద్దె లైబ్రరీలు ఉండేవి, కొంచెం డిపాజిట్ కట్టి రోజుకింత అని ఇచ్చి వీక్లీల్లో సీరియల్‌గా వచ్చిన నవలలన్నీ తెచ్చుకుని చదివేవాళ్ళు, మధ్యాహ్నం తెచ్చింది పొద్దున్నే ఇచ్చేసేవాళ్ళు. సస్పెన్సు, డిటెక్టివు, క్రైమ్, చివరి వరకు ఏమవుతుందా అని చదివించే ఏ నవల అయినా ఒకసారి ముగింపు తెలిసాక మళ్ళీ తెరవడం తక్కువే, కాబట్టి అరువు. పెద్ద పేరున్న పాత నవలలు కూడా ముందు లైబ్రరీలోనే మొదలెట్టండి, ఎందుకంటే అవి దాదాపు ఎప్పుడూ ప్రింట్‌లో ఉంటాయి, జిల్లా లైబ్రరీల్లో కూడా చాలావరకు ఉంటాయి. చదువుతుంటే పక్కన పెన్సిల్ ఉంటే బాగుండు అని నాలుగైదు చోట్ల అనిపించిందంటే అది మీరు కొనాల్సిన పుస్తకం. లైబ్రరీ కాపీలో మాత్రం దయచేసి గీతలు పెట్టకండి, నోట్స్ ఫోన్‌లో రాసుకోండి.

కవిత్వం కొనండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. కవిత్వం పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక్క ఊపులో చదివేది కాదు, ఏదో ఒక రాత్రి ఏదో ఒక పేజీ తెరవాలి, పదిహేను రోజుల్లో వెనక్కి ఇచ్చెయ్యాలంటే ఆ చదువు కుదరదు. పైగా సన్నటి పుస్తకాలు, వంద నూటయాభైలో వచ్చేస్తాయి, తక్కువ కాపీలు వేస్తారు. కథల సంపుటాలు కూడా కొంతవరకు ఇంతే, పదిహేను కథల్లో మూడు బాగా పట్టుకున్నా చాలు, ఆ మూడింటి కోసం మళ్ళీ తీస్తాం.

పర్సనాలిటీ డెవలప్‌మెంట్, డబ్బు ఎలా సంపాదించాలి, అలవాట్లు ఎలా మార్చుకోవాలి, ఇలాంటివి అరువే. చెప్పే విషయం మొదటి రెండు మూడు చాప్టర్లలో అయిపోతుంది, మిగతాది ఉదాహరణలు. నిజంగా పనికొచ్చింది ఒక పేజీ కాగితం మీద రాసుకుని గోడకి అంటించుకోండి, పుస్తకం ఇచ్చెయ్యండి. వీటి తెలుగు అనువాదాలైతే ఇంకా జాగ్రత్త, మధ్యలో ఏదో ఒక పేజీ తీసి పైకి చదవండి, రెండు పేరాలకే నాలుక తడబడుతోంది అంటే మొత్తం అంతే ఉంటుంది. అనువాదం ఏ భాష నుంచి వచ్చినా ఈ పైకి చదివే పరీక్ష పెట్టకుండా డబ్బు కట్టకండి.

కాంపిటీటివ్ ఎగ్జామ్స్‌కి చదివేవాళ్ళ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పుస్తకాల మీద అందరికంటే ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది వీళ్ళే, అదీ ఇంటి నుంచి నెలనెలా డబ్బు తెప్పించుకుంటూ. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, ఏదైనా సరే, నోటిఫికేషన్ పడగానే అశోక్‌నగర్‌లోనో ఇంకెక్కడో షాపుకెళ్ళి సెట్టు మొత్తం కట్ట కట్టించుకుని వచ్చేస్తారు. అలా వద్దు. ముందు సిలబస్ పేపర్ పక్కన పెట్టుకుని పుస్తకాల్ని రెండు కుప్పలు చెయ్యండి, పాతబడిపోయేవి, పాతబడనివి. కరెంట్ అఫైర్స్, ఎకనామిక్ సర్వే, బడ్జెట్, పథకాల లబ్ధిదారుల లెక్కలు, ఇవన్నీ ఏడాది తిరిగేసరికి పనికిరావు, వీటి కోసం లైబ్రరీ రీడింగ్ రూమ్ చాలు, పేపర్లు మ్యాగజైన్లు అక్కడికే వస్తాయి. జాగ్రఫీ కూడా పాతబడదు అనుకుంటాం, కానీ తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019కి 33 అయ్యాయి, ఆంధ్రాలో 13 ఉన్నవి 2022లో 26 అయ్యాయి, ఆ తర్వాత సీనియర్ దగ్గర కొన్న పాత పుస్తకంలో ఏ జిల్లాలో ఏ నది, ఏ ఖనిజం అన్న టేబుల్ మొత్తం తిరగరాసుకోవాల్సిందే. సెకండ్ హ్యాండ్ కొనేముందు ఇలాంటి ఒక్క టేబుల్ తీసి చూస్తే ఆ పుస్తకం వయసు తెలిసిపోతుంది.

హిస్టరీ, పాలిటీ బేసిక్స్, మ్యాథ్స్, రీజనింగ్, ఇవి పాతబడవు, వీటిల్లో గీతలు కొట్టాలి, అంచుల్లో రాసుకోవాలి, పరీక్ష ముందు రోజు కూడా అదే పేజీ తిప్పాలి, కాబట్టి సబ్జెక్టుకి ఒక్కటి సొంతంగా ఉండాలి, ఒక్కటే. రెండో పుస్తకం, మూడో పుస్తకం లైబ్రరీలో తిరగేసి మీ పుస్తకంలో లేనిది మాత్రం రాసుకోండి. స్కూల్ టెక్స్ట్ బుక్స్ అయితే ఎన్‌సీఈఆర్‌టీవి అన్నీ వాళ్ళ వెబ్‌సైట్‌లోనే పిడిఎఫ్‌లుగా ఫ్రీగా ఉన్నాయి, వీటి మీద డబ్బు పెట్టే ముందు అక్కడ చూసుకోండి. తెలుగు అకాడమీ పుస్తకాలు మాత్రం స్టాక్ ఉన్నప్పుడే కొనండి, పరీక్షల సీజన్లో కావాల్సిన టైటిల్ దొరకడం కష్టమైపోతుంది.

పిల్లల పుస్తకాలకి లెక్క వేరే. పిల్లలు పెరుగుతుంటారు, ఆరు నెలల కింద ఇష్టపడింది ఇప్పుడు చూడరు, కాబట్టి చాలావరకు అరువు తెచ్చి ఇవ్వడమే మంచిది. కానీ ఒక పుస్తకాన్ని ఇది మళ్ళీ చదువు, మళ్ళీ చదువు అని వాళ్ళే వెంటపడి అడుగుతుంటే అది కొనాలి, ఆ ఒక్క పుస్తకం వందసార్లు తెరుస్తారు. తెలుగులో పిల్లల బొమ్మల పుస్తకాలు చిన్న ధరల్లోనే ఉంటాయి, ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి లాంటివి, ఇలాంటి వాటికి లైబ్రరీకి వెళ్ళొచ్చే ఆటో ఖర్చే ఎక్కువవుతుంది, నాలుగైదు కొనేసి చదివాక ఊళ్ళో స్కూల్‌కి ఇచ్చెయ్యండి. భారత భాగవతాలు, స్తోత్రాలు కూడా కొనుక్కునేవే, టిటిడి వాళ్ళవి, గీతా ప్రెస్ వాళ్ళవి తక్కువ ధరకే వస్తాయి, ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ పట్టుకుంటారు.

నిఘంటువులకి ఇప్పుడు డబ్బు పెట్టక్కర్లేదు. బ్రౌన్ నిఘంటువు దగ్గర్నుంచి చాలా డిక్షనరీలు ఆంధ్రభారతి సైట్‌లో ఒకేచోట వెతుక్కోవచ్చు, ఒక్క మాట కొడితే అన్నిటిలోంచి అర్థాలు వస్తాయి.

ఇక బాగా పాతవి. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కులుంటాయి, ఆ తర్వాత ఎవరైనా వేసుకోవచ్చు, అంటే 1960లో పోయిన రచయిత రాసినవి 2020 చివరితో అందరివీ అయిపోయాయి. అలాంటి తెలుగు పుస్తకాలు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసినవి వేల సంఖ్యలో ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి, పేర్లు ఇంగ్లీష్ అక్షరాల్లో వంకర స్పెల్లింగులతో ఉంటాయి కాబట్టి రెండు మూడు రకాలుగా కొట్టి వెతకండి. ముందు అందులో యాభై పేజీలు చదవండి, సాగుతోంది అనిపిస్తే అప్పుడు ప్రింటు కొనుక్కోండి, ఆరొందల పేజీలు ఫోన్‌లో చదివితే కళ్ళు పోతాయి. కొనేటప్పుడు అట్ట మీద సంక్షిప్తం అని చిన్నక్షరాల్లో ఉందేమో చూడండి, హక్కులు పోయిన పుస్తకాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు కత్తిరించి వెయ్యొచ్చు కదా.

అసలు ఎంత డబ్బిచ్చినా కొనడానికి దొరకనివి కూడా ఉన్నాయి, పాత పత్రికలు, స్వాతంత్య్రానికి ముందు సంచికలు, వాటికోసం వేటపాలెం సారస్వత నికేతనం, 1918లో పెట్టింది, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ఇలాంటి చోట్లకే వెళ్ళాలి. ఇవి ఇంటికివ్వరు, అక్కడే కూచుని చదువుకోవాలి, వెళ్ళేముందు ఫోన్ చేసి ఆ సంచిక ఉందా, ఫొటో తీసుకోనిస్తారా అని అడిగి వెళ్ళండి.

లైబ్రరీ అనగానే ఎవరు వెళ్తారు అక్కడికి అనేవాళ్ళకి ఒక మాట. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది, రసీదు తీసి చూడండి, అంటే ఆ పుస్తకాల్లో కొన్ని మీ డబ్బుతోనే వచ్చాయి. మెంబర్‌షిప్‌కి చిన్న డిపాజిట్, అడ్రస్ ప్రూఫ్ ఉంటే చాలు, మానేసినప్పుడు డిపాజిట్ వెనక్కి ఇస్తారు. ఆదివారం తెరిచి ఇంకో రోజు సెలవిచ్చే లైబ్రరీలు కూడా ఉంటాయి, బోర్డు చూసుకోండి. బయట ర్యాకుల్లో కనపడలేదని వచ్చెయ్యకండి, లోపల గదుల్లో కట్టలు కట్టి పెట్టినవి చాలా ఉంటాయి, లైబ్రేరియన్ గారిని పేరు చెప్పి అడగండి, ఒకసారి మీరు చదివే మనిషి అని తెలిస్తే వాళ్ళే తీసి పెడతారు. మీకు కావాల్సిన కొత్త పుస్తకం తెప్పించమని కాగితం రాసి ఇవ్వండి, పాఠకులు అడగకపోతే ఏ పుస్తకాలు కొనాలో వాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది.

స్నేహితుల దగ్గర తెచ్చుకునేటప్పుడు ముందు ఆ ముద్రణ పేజీ చూడండి. మళ్ళీ దొరకని పుస్తకమైతే అడగొద్దు, వాళ్ళింట్లోనే కూచుని చదవండి. దొరికేదైతే ఎప్పుడిస్తారో తేదీ మీరే చెప్పి తెచ్చుకోండి, ఆ తేదీకి చదవడం అవ్వకపోయినా ఇచ్చెయ్యండి.

ఒక మినహాయింపు ఉంది, దీనికి పైన చెప్పిన లెక్కలేవీ పెట్టను. కొత్తగా రాస్తున్నవాళ్ళ మొదటి పుస్తకం, లైబ్రరీలో నాలుగు పేజీలు చదివి బాగుంది అనిపిస్తే కొనే చదవండి. రెండొందలకి అటూ ఇటూ ఉంటుంది ధర, మొదటి ఐదొందల కాపీలు అమ్ముడుపోతేనే ఆ మనిషి రెండో పుస్తకం వేసే ధైర్యం చేస్తారు, చాలాసార్లు ఆ ఖర్చు వాళ్ళ జీతంలోంచే పెట్టుకుంటున్నారు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి పోస్టేజీ పుస్తకం ధర కంటే ఎక్కువవుతుంది కాబట్టి అరువు ఇంకా లాభం. అక్కడ షికాగో, విస్కాన్సిన్, బర్కిలీ లాంటి యూనివర్సిటీ లైబ్రరీల్లో తెలుగు పుస్తకాలు చాలా ఉన్నాయి, అరవైల్లో పిఎల్ 480 అనే అమెరికా చట్టం కింద మన దేశం తెచ్చుకున్న ధాన్యానికి రూపాయల్లో కట్టిన డబ్బులో కొంతతో ఇక్కడి పుస్తకాలు కొని అక్కడికి పంపేవాళ్ళు, అలా చేరినవి కొన్ని ఇక్కడ మన షాపుల్లో కూడా దొరకవు. ఏ పుస్తకం ఏ లైబ్రరీలో ఉందో చూపించే వరల్డ్‌క్యాట్ సైట్‌లో పేరు వెతికి ఎక్కడ ఉందో రాసుకుని మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కౌంటర్లో ఇంటర్ లైబ్రరీ లోన్, అంటే ఆ లైబ్రరీ నుంచి అరువు తెప్పించడం, కావాలని అడగండి, రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, సెలవులకి చదువుకోవాలంటే కాస్త ముందే రిక్వెస్ట్ పెట్టుకోండి.